అవర్ మీటరు చెప్పిన మాటలు

కొల్లేటి ఒడ్డున, కైకలూరుకు దగ్గరలోని ఊళ్ళో పుట్టినవాణ్ణి. ఇరవై తొమ్మిదేళ్ళు మట్టి యంత్రాలను కిరాయికి తిప్పాను. ఒక బండితో మొదలై ఏడు బండ్లదాకా ఎక్కి, మళ్ళీ రెండింటికి దిగి, చివరికి నాలుగు దగ్గర నిలబడ్డాను. నిరుడు పగ్గాలు మా అబ్బాయి చేతికిచ్చాను.

ఈ మధ్య ప్రతి ఊళ్ళోనూ ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు పొలం తాకట్టు పెట్టి జేసీబీయో పొక్లెయినో కొంటున్నారు. నిర్మాణ యంత్రాల అమ్మకాల్లో మన దేశం ప్రపంచంలో మూడో స్థానంలో ఉందని చదివి ఉత్సాహపడుతున్నారు. ఆ మాట నిజమే. ఆ మూడో స్థానంలో ఒకటి రెండు బండ్లవాడి చోటు ఎక్కడో మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ చెప్పినవాళ్ళు లేరు. నష్టపడి తెలుసుకున్నవి కొన్ని ఉన్నాయి కనుక రాస్తున్నాను.

1. బండి కొన్ననాడు కాదు, మీటరు తిరిగిననాడు సంపాదన.

1996లో ఏడేళ్ళ పాత జేసీబీ కొన్నాను. అప్పటికి మా చుట్టుపక్కల అది నాలుగో బండి. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి ఊళ్ళోకి తెస్తే జనం గుమికూడారు. లారీకి కిలోమీటర్ల లెక్క ఉన్నట్టే ఈ యంత్రానికి గంటల లెక్క. ఇంజను తిరిగినంతసేపూ అవర్ మీటరు కదులుతుంది. మొదటి రెండేళ్ళు నేను దానివంక సరిగా చూడనే లేదు. బండి ఇంటిముందు నిలబడితే నలుగురూ ‘ఓనరుగారూ’ అంటున్నారు, ఆ పిలుపే లాభమనుకున్నాను. పాల లెక్క రాసుకునే నోటుపుస్తకం వెనకవైపు మా ఆవిడ ప్రతి రాత్రీ ఆపరేటర్ని అడిగి మీటరు అంకె, డీజిల్, గ్రీజు, బాటా రాసేది. ఒకరోజు ఆ పుస్తకం నా ముందు పెట్టి, ‘నెలకు నూట అరవై గంటలు దాటకపోతే వాయిదా మన ధాన్యం డబ్బులోంచి కడుతున్నామండీ’ అంది. చేపల చెరువులు ఎండగట్టే నాలుగు నెలల్లో బండి రేయింబవళ్ళు తిరిగేది. మిగిలిన ఎనిమిది నెలలూ నిలబడేది. ఏడాది మొత్తం మీద లెక్క కడితే మేము తింటున్నది పొలం తిండే.

ఇక్కడ ఒక చిన్న సంగతి. జేసీబీ అనేది ఇంగ్లండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే ఆయన పేరులోని పొడి అక్షరాలు. 1979లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఆ కంపెనీ ఉమ్మడి భాగస్వామ్యంతో తయారీ మొదలుపెట్టింది. పొక్లెయిన్ ఒక ఫ్రెంచి కంపెనీ. ఆ నమూనా ఎక్స్‌కవేటర్లను మన దేశంలో ఎల్ అండ్ టీ తయారుచేసింది. రెండు కంపెనీల పేర్లూ మన ఊళ్ళలో యంత్రాల పేర్లయి కూర్చున్నాయి. ఏ కంపెనీ బండి కొన్నా జనం దాన్ని జేసీబీ అనే అంటారు. పేరు అంతగా నాటుకుపోయిన బండికి ఊళ్ళో పని దొరకడం తేలిక. పోటీ పుట్టుకురావడమూ అంతే తేలిక.

2. సంతలో సందడి చూసి ఎద్దును కొనకూడదు.

నా జీవితంలో అతిపెద్ద పొరపాటు ఇది. కాస్త వివరంగా చెప్పాలి.

2001 తర్వాత స్వర్ణ చతుర్భుజి పనులు ఊపందుకున్నాయి. నాలుగు మహానగరాలను కలిపే 5,846 కిలోమీటర్ల రహదారి అది. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే భుజం తడ నుంచి ఇచ్ఛాపురం దాకా మన కోస్తా పొడవునా సాగింది. 2004లో జలయజ్ఞం మొదలై కాలువల తవ్వకాలు తోడయ్యాయి. మట్టి ఎత్తే ఏ బండికైనా పని ఉండేది. 2008 చివర ప్రపంచమంతా మాంద్యం వచ్చినప్పుడు మాకూ గంటలు పడిపోయాయి గానీ ఏడాది తిరక్కుండానే తేరుకున్నాం. ఆ తేరుకోవడమే నన్ను చెడగొట్టింది. ఈ వ్యాపారంలో జ్వరం వచ్చినా మూడు రోజుల్లో దిగిపోతుందన్న ధీమా కలిగింది.

2011 నవంబరులో బెంగళూరులో ఎక్స్‌కాన్ ప్రదర్శన జరిగింది. రెండేళ్ళకోసారి జరిగే ఆ యంత్రాల జాతరకు నలుగురం మిత్రులం కలిసి వెళ్ళాం. అంతకు ముందు అన్నేసి కొత్త యంత్రాలను ఒక్కచోట నేను చూడలేదు. అక్కడే ఫైనాన్సువాళ్ళు, అక్కడే బుకింగు. ఇరవై టన్నుల ఎక్స్‌కవేటర్లు రెండు రాయించాను. ఒక్కొక్కదానికి నలభై లక్షల అప్పు, నాలుగేళ్ళ గడువు, నెలకు లక్షా ఏడు వేల చొప్పున వాయిదా. అప్పటికి నాకున్న అయిదూ అప్పు తీరిన బండ్లే. వాటిని హామీగా చూపించాను.

ఆ రోజుల్లో నేను చదివే వార్తాపత్రికలో, కొనకూడదనడానికి కారణాలన్నీ అచ్చయి ఉన్నాయి. 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు లోపల రిజర్వు బ్యాంకు వడ్డీరేటును పదమూడుసార్లు పెంచింది. అంతకంటే పెద్ద సంగతి, 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారిలో ఇనుప ఖనిజం తవ్వకాలు ఆపించింది. ఆగస్టులో చిత్రదుర్గ, తుమకూరు జిల్లాల్లోనూ ఆగిపోయాయి. ఆ వార్త చదివి అది గనుల యజమానుల గొడవనుకుని పేజీ తిప్పేశాను. గనుల్లో పని ఆగితే అక్కడి పొక్లెయిన్లు, టిప్పర్లు ఎక్కడికి పోతాయని ఒక్క నిమిషం ఆలోచించినా సరిపోయేది. వాటికీ అప్పులున్నాయి, వాటికీ వాయిదాలున్నాయి. అవి పని వెతుక్కుంటూ నాలుగు దిక్కులా బయల్దేరాయి. అనంతపురం, కర్నూలు దాటి మా కృష్ణా కాలువల దాకా వచ్చాయి. డీజిల్ పార్టీదే అయితే నెలకు లక్షా డెబ్భై వేలు పలికిన కిరాయి మాకు లక్షా ఇరవైకి దిగింది. వాయిదా పోగా మిగిలిన పదమూడు వేలు ఆపరేటర్ జీతానికే చాలవు. రోడ్ల కొత్త ఒప్పందాలు 2012-13లో బాగా పడిపోయాయి. దేశమంతటా యంత్రాల అమ్మకాలు కిందికి జారి మూడు నాలుగేళ్ళు లేవలేదు. 2013 దసరాకు ముందు ఒక బండిని ఫైనాన్సువాళ్ళకు నేనే అప్పగించాను. వాళ్ళొచ్చి సీజు చేస్తే ఊళ్ళో తలెత్తుకోలేనని, తెల్లవారుజామున నాలుగింటికి ట్రెయిలర్ ఎక్కించి పంపాను. తీరిన బండ్లు మూడు అమ్మితే గానీ మిగతా బాకీ తెగలేదు. ఆ ఏడాది చివర ఇంకొకటి అమ్మాను.

3. డీజిల్ ఎవరిదో, ఏ ధరకో కాగితం మీద తేలాలి.

ఆ రెండు కొత్త బండ్లలో రెండోదానికి, మొదటిది అప్పగించకముందే, రోడ్డు పని దొరికింది. డీజిల్‌తో కలిపి గంటకింత అని పద్దెనిమిది నెలల ఒప్పందం. 2013 సంక్రాంతికి ముందు సంతకం పెట్టాను. పండుగ వెళ్ళిన వారంలోనే ప్రభుత్వం డీజిల్ ధరను నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచుకోవడానికి చమురు కంపెనీలకు అనుమతిచ్చింది. అర్ధరూపాయే కదా అని నవ్వాను. ఇరవై టన్నుల బండి గంటకు పదమూడు లీటర్లు తాగుతుంది. నెలకు 250 గంటలంటే 3,250 లీటర్లు. మొదటి నెల నాకు పడిన అదనపు భారం 1,625 రూపాయలు. పన్నెండో నెలకు అది 19,500 అయింది. ఒప్పందం మధ్యలో కిరాయి పెంచమని అడిగితే ఆ కాంట్రాక్టరు కాగితం చూపించాడు. అతని తప్పు లేదు, ఆ కాగితం నేను చదివే సంతకం పెట్టాను. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ పూర్తిగా పోయింది. అప్పటినుంచి నేను చేసిన ఏ ఒప్పందంలోనూ, డీజిల్ ఫలానా ధర దాటితే కిరాయి ఇంత పెరుగుతుందన్న వాక్యం లేకుండా సంతకం పెట్టలేదు.

4. బిల్లు పాసైందన్న కబురు డబ్బు కాదు.

పెద్ద కంపెనీకి పని వస్తుంది. అది సబ్ కాంట్రాక్టరుకిస్తుంది, అతను ఇంకొకరికి. మన బండి ఆ వరసలో నాలుగోవాడి కింద తిరుగుతుంది. పైన ఒక నెల ఆలస్యమైతే కింద మూడు నెలలవుతుంది. డీజిల్ బంకువాడు, ఆపరేటరు, ఫైనాన్సువాడు మాత్రం ఆగరు. 2018 సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థ అప్పులు కట్టలేక కుప్పకూలినప్పుడు దేశమంతా ఫైనాన్సు కంపెనీలు బిగుసుకుపోయాయి. ఎక్కడో ముంబైలో జరిగిన దానికి మా ఊళ్ళో బండి అప్పు దొరకలేదు. 2019 మధ్యలో అమరావతి పనులు ఆగినప్పుడు నావి రెండు బండ్లు అక్కడే ఉన్నాయి. ఐదు నెలల కిరాయి రావాలి. అందులో రెండు నెలలదే వచ్చింది. ఆ పొలాల్లో తుమ్మకంప నిలువెత్తు పెరిగింది. దాన్ని కొట్టడానికి 2024 ఆగస్టులో మళ్ళీ యంత్రాలు దిగాయి. అందులో మా బండి కూడా ఒకటి. ఈసారి పదిహేను రోజులకోసారి లెక్క చూసుకుని, డబ్బు చేతిలో పడ్డాకే మళ్ళీ తాళం తిప్పమని అబ్బాయికి చెప్పాను.

5. యంత్రానికి బీమా చేసినవాడు మనిషిని మరిచిపోకూడదు.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

2007 మే నెల. వానలు రాకముందే చెరువు గట్టు పూర్తికావాలని రైతు తొందర. నాకు అంతకంటే తొందర, ఆ పని ముగిస్తే ఇంకోచోటికి పంపాలి. పొద్దున ఆరింటికి ఎక్కిన ఆపరేటరు రాత్రి తొమ్మిదయినా దిగలేదు. ఫోను చేసి, ‘ఇంకో నాలుగు గంటలు లాగించు, బాటా రెట్టింపు ఇస్తాను’ అన్నాను. పదకొండు దాటాక తడిగట్టు జారింది, బండి పక్కకు ఒరిగి చెరువులోకి దిగిపోయింది. అతని కుడికాలు క్యాబిన్ తలుపు కింద నలిగింది. బండికి బీమా ఉంది. సర్వేయరు వచ్చాడు, ఫొటోలు తీశాడు, రెండు నెలల్లో డబ్బు వచ్చింది. మనిషికి ఏమీ లేదు. ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను, అది నిజం. కానీ మంచం మీద ఉన్న ఏడు నెలలకూ జీతం ఇవ్వలేదు. మొదటి రెండు నెలలిచ్చి, తర్వాత చూద్దామన్నాను. ఆ ‘చూద్దాం’ అనే మాట అన్న గొంతు నాదే. అతను నన్నేమీ అనలేదు. కాలు కాస్త ఈడుస్తూ నడిచే స్థితికి వచ్చాక ఒకసారి వచ్చి, పాత బాటా ఎనిమిది వందలు రావాలని గుర్తుచేసి, అది తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ కనబడలేదు.

అప్పట్లో మాకు ఆపరేటర్లు తమిళనాడు నుంచి, మన పల్లెల నుంచి వచ్చేవాళ్ళు. ఇప్పుడు బీహారు, జార్ఖండు కుర్రవాళ్ళే ఎక్కువ. లక్షకు పైగా యంత్రాలు ఏటా అమ్ముడవుతున్నాయంటే ఏటా అంతమంది కొత్త చేతులు కావాలి. అందులో పద్ధతిగా నేర్చుకున్నవాళ్ళు కొద్దిమందే. హెల్పరుగా చేరి, గ్రీజు కొడుతూ, మధ్యాహ్నం ఆపరేటరు నిద్రపోతే లివర్లు పట్టుకుని నేర్చినవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ స్కిల్ కౌన్సిల్ వంటి సంస్థలు శిక్షణ ఇప్పించి ధ్రువపత్రాలిస్తున్నాయి. మీ కుర్రాణ్ణి పంపండి. అతని పేరిట ప్రమాద బీమా కట్టండి. రోజుకు పది గంటల పని దాటితే తాళం మీ జేబులో వేసుకోండి.

6. ఎక్కడ తవ్వుతున్నామో అడగకుండా బకెట్ దించకూడదు.

నా చిన్నతనంలో చెరువు తవ్వాలంటే ఒడ్డెరవాళ్ళు రావాలి. పలుగు, పార, తట్టలతో కుటుంబాలకు కుటుంబాలు దిగేవి. ఎంత లోతు తవ్వారో కొలవడానికి గుంట నడుమ ఒక దిమ్మ తవ్వకుండా వదిలేవారు. నా మొదటి జేసీబీ ఒక్క రోజులో చేసిన పనికి అలాంటి ఇరవై మందికి వారం పట్టేది. నేను కాకపోతే ఇంకొకడు తెచ్చేవాడన్నది నిజమే. కానీ ఆ ఇరవై మందిలో ఒక పెద్దాయన గట్టు మీద కూర్చుని రోజంతా నా బండిని చూస్తూ ఉండిపోయిన సంగతి నేను మరవలేను. నాలుగు మాటలు మాట్లాడి ఉండాల్సింది.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. కూలీల చేతిపనిని తప్పించే యంత్రాలు వాడకూడదని ఆ చట్టంలోనే ఉండేది. అయినా రాత్రి యంత్రంతో తవ్వించి, పగలు మస్టరులో పేర్లు రాసే తంతు చాలాచోట్ల నడిచింది. నా బండి కూడా రెండు రాత్రులు వెళ్ళింది. గంటకు మామూలు కిరాయికంటే వంద ఎక్కువిచ్చారు. ఆ వంద ఎవరి కూలిలోంచి వచ్చిందో తెలిసే తీసుకున్నాను.

అదే ఏడాది కొల్లేరులో కాంటూరు ప్లస్ అయిదు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లన్నీ కొట్టేశారు. 1999లోనే అభయారణ్యమని ప్రకటించిన నేల అది. ఆ చెరువుల్లో కొన్నింటిని తవ్వింది నేనే. గట్లు కొట్టడానికి కిరాయికి పిలిస్తే వెళ్ళిందీ నేనే. తవ్వినందుకూ డబ్బు తీసుకున్నాను, కొట్టినందుకూ తీసుకున్నాను. సరస్సులో వలేసుకుని బతికే మా ఊరివాళ్ళు రెండుసార్లూ గట్టు మీద నిలబడి చూశారు. మొదటిసారి వాళ్ళ నీళ్ళు పోయాయి. రెండోసారికి వాళ్ళలోనే కొందరు చెరువుల్లో వాటాదారులై ఉన్నారు, ఆ వాటా పోయింది.

7. కొత్త బండికి కొత్త లెక్క ఉంటుంది.

మా కాలంలో ఇంజను మొరాయిస్తే ఆకివీడు నుంచి మెకానిక్ సైకిలు మీద వచ్చి, చెవి పెట్టి విని, ఏ నాజిల్ పోయిందో చెప్పేవాడు. చక్రాల నిర్మాణ వాహనాలకు 2021 ఏప్రిల్ నుంచి సీఈవీ స్టేజ్-4, 2025 జనవరి నుంచి సీఈవీ స్టేజ్-5 ఉద్గార ప్రమాణాలు వచ్చాయి. పొగ తగ్గింది, మంచిదే. ధర పెరిగింది. ఇంజనులో ఎలక్ట్రానిక్సు వచ్చి చేరాయి, లోపం చూడాలంటే కంపెనీవాడు లాప్‌టాప్‌తో రావాలి. అతను వచ్చేదాకా బండి నిలబడిన రోజులు కూడా ఖర్చేనని చాలామంది లెక్క వేయరు. 2024 చివర, ధర పెరగకముందే కొనాలని పరుగెత్తినవాళ్ళు నాకు తెలుసు. రెండు మూడు లక్షలు మిగిలాయన్నారు. పని చూసుకోకుండా కొన్నవాళ్ళకు అవి నాలుగు నెలల ఖాళీలో కరిగిపోయాయి.

ఒకప్పుడు దేశంలో అమ్ముడయ్యే మట్టి యంత్రాల్లో జేసీబీ తరహా బండ్లదే పెద్ద వాటా. ఇప్పుడు చైను మీద నడిచే ఎక్స్‌కవేటర్లు, చిన్న సైజువి కూడా, దాని సరసకు వచ్చేశాయి. జల్ జీవన్ మిషన్ పైపులైన్ల కోసం ఊరి సందుల్లో కందకాలు తీయడానికి చిన్న బండ్లే నయమయ్యాయి. మా అబ్బాయి 2022లో ఒకటి కొంటానంటే నేను వద్దన్నాను. నా మాట వినకుండా కొన్నాడు. ఇవాళ మా నాలుగు బండ్లలో ఎక్కువ గంటలు తిరిగేది అదే. వాళ్ళమ్మ నోటుపుస్తకంలో రాసినవన్నీ ఇప్పుడు వాడి ఫోనులోనే కనబడతాయి. ఎన్ని గంటలు తిరిగింది, ఎంతసేపు ఊరికే ఆన్‌లో ఉంది, డీజిల్ ఎంత తాగింది, అన్నీ.

8. అమ్మిన బండి మాయమైపోదు.

2023-24లో దేశంలో తయారైన నిర్మాణ యంత్రాల అమ్మకాలు, ఎగుమతులతో కలిపి, లక్షా ముప్పై అయిదు వేలు దాటాయి. అంతకు ముందు ఏడాదికంటే 26 శాతం ఎక్కువ. 2024-25లో లక్షా నలభై వేలకు చేరాయి, అంటే పెరుగుదల 3 శాతమే. ఎన్నికల ఏడాది కావడంతో కొత్త పనులు నెమ్మదించాయి. పత్రికలు రెండేళ్ళనూ వృద్ధి అనే రాశాయి. కంపెనీకి అది వృద్ధే. మనకు అలా కాదు. పోయినేడు అమ్మిన బండ్లు ఈ ఏడు పాతబడి ఇంటికి పోవు. పదేళ్ళు, పదిహేనేళ్ళు తిరుగుతాయి. ప్రతి ఏటి కొత్తవీ వాటి పక్కన వచ్చి చేరతాయి. అమ్మకాలు తగ్గిన ఏడాది కూడా మన పోటీదారుల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. ఈ చిన్న సంగతి నాకు యాభై ఏళ్ళు దాటాక గానీ తట్టలేదు.

పెద్ద పని జరగడం వేరు, అందులో మన బండికి చోటుండటం వేరు. 2019 జనవరిలో పోలవరం స్పిల్ ఛానల్‌లో 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు సాధించారు. చూస్తే గుండె ఉప్పొంగింది. కానీ ఆ పనికి కావలసినవి బ్యాచింగ్ ప్లాంట్లు, కన్వేయర్లు, కంపెనీల సొంత బండ్లు. మా ఊరి బండ్లకు దొరికింది దారి చదును చేసే పని.

ఈ సంక్రాంతికి పక్క ఊరి కుర్రవాడొకడు వచ్చాడు. అమరావతి పనులు మళ్ళీ మొదలయ్యాయి కదా, ఇరవై టన్నుల బండి తీసుకోవచ్చా తాతయ్యా అని అడిగాడు. మూడు ప్రశ్నలు వేశాను. నెలకు ఎన్ని గంటలు ఖాయంగా ఇస్తారు, డీజిల్ ఎవరిది, డబ్బు ఏ తారీఖున ఎవరి చేతి మీదుగా వస్తుంది. మొదటి రెండింటికీ జవాబు చెప్పాడు. మూడోదానికి అడిగి వస్తానని వెళ్ళాడు. నిన్న ఫోను చేశాడు. గంటలు కాగితం మీద రాస్తారట, తారీఖు మాత్రం రాయరట. బుకింగు డబ్బు ఇంకా కట్టలేదు కదా అని అడిగాను. లేదన్నాడు. ఆదివారం వాళ్ళ నాన్నను కూడా వెంటబెట్టుకుని రమ్మన్నాను.